గడప మనది, బందు బజారుది: జంట తలుపుల మాటల చరిత్ర

హోసూరు బజారులో తలుపుకి బందు కొనాలంటే 'కీల్' అని అడగాలి. సోలాపూరులో 'బిజాగరీ' అనాలి. హిందీ నడిచే ఏ అంగడిలోనైనా 'కబ్జా' అంటే చాలు, ఇనపకొట్టు ఆయన తీసి బల్ల మీద పెడతాడు. బెజవాడలోనో కాకినాడలోనో అదే వస్తువు 'మడత బందు'. చూస్తే ఎంత ఉంటుంది? రెండు ఇనప రేకులు, మధ్యలో ఒక చువ్వ, నాలుగైదు బెజ్జాలు. దానికి ఇన్ని పేర్లు.

ఆ కొనుక్కున్న మనిషి మన తెలుగాయనే అయితే, ఆయన వెంట ఇంటికి పోయి తలుపు కింద అడ్డంగా ఉన్న కొయ్యని చూపించి ఇదేమిటని అడగండి. గడప అంటాడు. లేదా కడప అంటాడు. తమిళనాడులో చుట్టూ ఉన్నవాళ్ళు 'వాసప్పడి' అంటారు, కర్ణాటకలో 'హొస్తిలు', మహారాష్ట్రలో 'ఉంబరఠా'. ఈ మాటలు పొద్దున లేచిన కాడి నుంచి చెవిన పడుతూనే ఉంటాయి. అయినా మన ఇళ్ళల్లో చాలావరకు గడప గడపగానే నిలిచింది.

ఒకే తలుపులో ఒక ముక్కకి పక్కవాళ్ళ పేరు, ఇంకో ముక్కకి మన పేరు ఎందుకు? దీనికి జవాబు మన భాష ఎంత చెడిపోయిందనే లెక్కల్లో దొరకదు. తలుపు ఎలా బిగిస్తారు, ఎవరు చేస్తారు, ఏది ఎక్కడ కొంటారు అనే దాంట్లో దొరుకుతుంది. అందుకే ముందు తలుపు సంగతి చూద్దాం.

బందు రాకముందు

పాత గుడికి పోయినప్పుడు గోపురం కింద తలుపు రెక్కల వెనక్కి ఒకసారి తొంగి చూడండి. బందు కనపడదు. రెక్క నిలువు కొయ్యకే పైనా కిందా ఒక మొన తీసి ఉంటుంది. మన వడ్రంగులు కొయ్యలోంచి అలా బయటికి తీసిన మొనని కుసి అంటారు. పై కుసి ద్వారబంధం పైకమ్మి వెనక ఉన్న బెజ్జంలో, కింది కుసి గడప వెనకనున్న గుంటలో కూర్చుంటాయి. ఆ గుంట కొన్నిచోట్ల కొయ్యలోనే ఉంటుంది, కొన్నిచోట్ల రాతిలో తొలిచి ఉంటుంది. తలుపు తన కుసుల మీద తానే తిరుగుతుంది. పాత ఇళ్ళ పెద్ద తలుపులూ ఇట్లాంటివే. తీసేటప్పుడు, వేసేటప్పుడు కిర్రుమనే ఆ చప్పుడు ఆ కుసులదే. గుంటలో నాలుగు చుక్కలు ఆముదం వేస్తే వారం రోజులు నోరు మెదపదు.

ఈ ఏర్పాటులో గమనించాల్సింది ఒకటుంది. తలుపు బరువంతా నేరుగా కిందికి, గడప దగ్గరికి దిగుతుంది. అందుకే పాత గడపలు అంత లావుగా, అంత ఎత్తుగా ఉండేవి. ఆ గడప దాటడానికి చిన్నపిల్లలు దాని మీద పొట్ట ఆనించి అటు దొర్లాల్సిందే. గడప కొయ్య బలహీనంగా ఉంటే కుసి గుంట పెద్దదైపోతుంది, తలుపు వాలుతుంది, రెండు రెక్కలూ నడుమ కలుసుకోవు. ఇంటికి గడపే ఆధారమనే మాట పూజ కోసం పుట్టింది కాదు, నిజంగానే అది బరువు మోసేది.

ఇక రెండు రెక్కలు ఎందుకు? లెక్క వేద్దాం. 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న టేకు తలుపు ఒకటే పలకగా చేస్తే 60 కిలోలకు పైనే తూగుతుంది. అంత బరువూ ఒక మూల కుసి మీద పడితే అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? రెండు రెక్కలు చేస్తే ఒక్కోటి 30 కిలోల చిల్లర. తిరగడానికి కావాల్సిన చోటూ సగమైపోతుంది. ఒంటి తలుపు తెరిస్తే ఇంట్లోకి 4 అడుగులు జరుగుతుంది, జంట తలుపైతే అటు రెండు, ఇటు రెండు. పైగా మామూలు రోజుల్లో ఒక రెక్క తీస్తే సరిపోతుంది. ధాన్యం బస్తాలు దించినప్పుడో, పెళ్ళిపీటలు లోపలికి తెచ్చినప్పుడో, పండగపూటో రెండు రెక్కలూ బార్లా తెరుస్తారు.

రెండు రెక్కలు కలిసేచోట సందు ఉంటుంది కదా. దాన్ని కప్పడానికి ఒక రెక్కకి నిలువునా పట్టీ కొడతారు. పట్టీ ఉన్న రెక్క ముందు తెరవాలి, చివర వెయ్యాలి. లోపల రెండు రెక్కలకీ అడ్డంగా ఒక కర్ర, అదే అడ్డగడియ. గోడలో దానికి గూడు ఉంటుంది. రాత్రి లాగి పెట్టుకోవడం, పొద్దున గోడలోకి తోసెయ్యడం.

ఇప్పుడు ఈ తలుపులో బజారు నుంచి కొన్నది ఏముంది? కలప కొన్నారు అనుకుందాం. మిగిలిందంతా ఊళ్ళో ఆచారి చేసిందే. రెక్క, గడప, గడియ, కుసి, పట్టీ, అన్నీ కొయ్యే, అన్నీ మన మాటలే. ఆచారి మన భాష మాట్లాడేవాడైతే, ఎంత దూరం వలస పోయినా ఆ పేర్లు మారాల్సిన అవసరమే లేదు.

బందు వచ్చాక

ఇనప పట్టీలు, గొళ్ళేలు ఊరి కమ్మరి పూర్వం నుంచీ కొడుతూనే ఉన్నాడు. కానీ ఒకే అచ్చున తయారై, మేకులతో సహా పొట్లం కట్టి అమ్మే మడత బందు వేరే సరుకు. మద్రాసు నుంచి వాలాజా రోడ్డుకి 1856లో దక్షిణాదిన మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ తరవాత రైలూ రోడ్డూ చేరిన ప్రతి పట్నంలోనూ ఇనపసామాను కొట్టు వెలిసింది, అక్కడి నుంచి ఊళ్ళకి ఈ సరుకు పాకింది.

బందు రెండు పనులు చేసింది. ఒకటి, తలుపు బరువుని గడప మీద నుంచి తీసి ద్వారబంధం పక్క కొయ్య మీదకి మార్చింది. గడప మోయాల్సింది ఇక లేదు. మొదట్లో పెద్దగా తేడా కనపడలేదు గానీ, తరవాత తరాల్లో గడపలు పలచబడ్డాయి, లోపలి గదులకి మాయమయ్యాయి. ఇప్పుడు వీధి తలుపుకి మాత్రం పసుపు రాయడానికని పెట్టుకుంటున్నాం.

రెండోది మన విషయానికి ముఖ్యం. తలుపు చరిత్రలో మొదటిసారి ఒక ముక్కని కొట్టుకి పోయి పేరు చెప్పి అడగాల్సి వచ్చింది. కొట్టువాడికి అర్థమయ్యే పేరు చెప్పాలి. తమిళ కొట్టువాడికి తమిళం, మరాఠీ కొట్టువాడికి మరాఠీ. ఆ పేరు సరుకుతోపాటు సంచిలో పడి ఇంటికొచ్చింది.

మరాఠీ 'బిజాగరీ' కథే చూడండి. అది మరాఠీ వాళ్ళ సొంతమాట కూడా కాదు, పోర్చుగీసు 'బిసాగ్రా' నుంచి వచ్చింది. అంటే వాళ్ళూ ఆ వస్తువుని సముద్రం మీద వచ్చినవాళ్ళ దగ్గర పేరుతో సహా తీసుకున్నారు. హిందీ 'కబ్జా' అరబ్బీ మాట, పట్టు అని అర్థం. రెండు కొయ్యల్ని పట్టి ఉంచేది కబ్జా. మన తెలుగు పేపర్లలో కబ్జా అంటే చెరువు భూములు గుర్తుకొస్తాయి, మూలం మాత్రం అదే పట్టు. 'కీల్' సంగతి ఇంకోలా ఉంది. కీలు మనకీ ఉంది, కన్నడానికీ తమిళానికీ ఉంది. తెలుగులో అది మోకాలి కీలు, కీళ్ళవాతం, కీలుబొమ్మ, 1949 నాటి సినిమా కీలుగుర్రం. తమిళంలో కీల్ ఒంట్లోనూ ఉంది, తలుపులోనూ ఉంది. హోసూరు తెలుగాయన 'తలుపు కీలు' అన్నాడంటే తన మాటకే పక్కింటి అర్థం ఒకటి కలుపుకున్నాడన్న మాట.

ఏ ఊళ్ళో ఏమాట

మా హోసూరు పక్క నుంచే మొదలుపెడతాను. ఇది 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉంది. ఇక్కడ తలుపుని వాకిలి అంటాం. "వాకిలి ముయ్యి, చిలుకు వెయ్యి, బీగం బిగించు" అనేది మామూలు మాట. కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు దీనికి నవ్వుతారు. "వాకిలి ఊడుస్తారు, ముగ్గేస్తారు గానీ, మూస్తారా?" అంటారు. వాళ్ళకి వాకిలి అంటే ఇంటి ముందరి చోటు మరి. పెళ్ళిళ్ళల్లో ఈ ఎగతాళి పడని మనవాళ్ళు అరుదు. పిల్లలు సిగ్గుపడి 'డోర్' అనేది నేర్చుకుంటారు, వాకిలి నోట్లోనే ఆగిపోతుంది.

ఈ నవ్వుకి సమాధానం ఉంది. తమిళంలో వాయిల్, కన్నడంలో బాగిలు, తెలుగులో వాకిలి, మూడూ ఒక తల్లి పిల్లలే. వాయి అంటే నోరు, ఇల్ అంటే ఇల్లు. ఇంటికి నోరు వాకిలి. పాత తెలుగు కావ్యాల్లోనూ వాకిలి అంటే ద్వారమే. కోస్తాలో ఆ మాట గుమ్మం దిగి ముందరి నేల మీదకి పోయింది, మన దగ్గర ఉన్నచోటే ఉండిపోయింది. రెండూ తెలుగే. కానీ ఎవరిది పాత అర్థమంటే మనదే. ఈసారి నవ్వినవాళ్ళకి నిదానంగా ఈ సంగతి చెప్పండి.

బీగం, చిలుకు అనేవి కన్నడం మాటలని ఇంకో నింద ఉంది. కన్నడంలో బీగ, చిలక ఉన్నమాట నిజమే. కానీ అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో, అచ్చంగా ఆంధ్రలో ఉన్న ఊళ్ళల్లోనూ బీగమే, చిలుకే. బళ్ళారి సంగతి తీసుకోండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజే బళ్ళారి మైసూరు వైపు పోయింది. గీత ఆ రోజు పడింది, బీగం అంతకుముందే రెండు వైపులా ఉంది. ఇటువైపు వాడు పలికితే కన్నడం కలిసిన తెలుగని, అటువైపు వాడు పలికితే సీమ మాండలికమని అనడం న్యాయం కాదు.

కిందికి కోయిల్‌పట్టి దిక్కు పోదాం. విజయనగర కాలంలోనూ మదురై నాయకుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు ఎక్కువగా వచ్చి దిగిన నల్లరేగడి నేల అది. అక్కడి ఇడైసెవల్ గ్రామంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో మాట తెలుగు, రాసింది తమిళం. తెలుగు దేశం నుంచి వలస వచ్చినవాళ్ళ కథగా 'గోపల్ల గ్రామం' రాశారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కానీ ఎక్కువమంది ఆయన్ని తలుచుకునేది ఒక చిన్న కథతో. దాని పేరు 'కదవు', అంటే తలుపు. ఒక పేదింట్లో విలువైన వస్తువంటూ ఉంటే అది తలుపొక్కటే. పిల్లలు దాన్నెక్కి ఊగుతూ బస్సు ఆట ఆడుకుంటారు. శిస్తు కట్టలేదని ఆ తలుపు పీకి తీసుకుపోతారు. ఆ తరవాత చలికాలంలో ఆ ఇల్లు పడ్డ కష్టమే కథ.

మన విషయానికి ఈ కథ ఎందుకంటే, తలుపు అంటే మన పాతవాళ్ళకి ఆస్తి. ఇల్లు మట్టిది, కప్పు తాటాకుది, కానీ తలుపు ఆచారి చేతి కొయ్య. ఊరు వదిలిపోయేటప్పుడు విప్పి బండి మీద వేసుకోగలిగింది అదొక్కటే. కి.రా. కరిసల్ నేల తమిళ మాటలన్నీ ఏరి నిఘంటువు కూడా చేశారు. ఇంటి తెలుగు మాటలకి ఆ పని ఎవరిళ్ళల్లో వాళ్ళం మొదలుపెట్టాల్సిందే.

ఇక ఉత్తరానికి. గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో ఉండేది. బరంపురం, పర్లాకిమిడి తెలుగుకి శ్రీకాకుళం పక్కనే. 'తలుపు గెడెట్టు' అనే పలుకుబడి ఆ గాలిదే. గడియ అక్కడ గెడ అయింది. చుట్టూ ఒడియాలో తలుపు రెక్క కబాట, గడియ కిళిణి, ద్వారబంధం చౌకాఠ. ఈ కబాట మనకి కొత్తదేమీ కాదు, మన కావ్యాల్లో కవాటం అదే. సైన్సు పుస్తకంలో గుండెకి ఉన్న కవాటాలూ అవే. రక్తాన్ని ఒకవైపుకే పోనిచ్చే రెక్కలకి తలుపు పేరే పెట్టారు మనవాళ్ళు.

సోలాపూరు నేతవాళ్ళు తెలంగాణ నుంచి పోయినవాళ్ళు. ముంబైలో కామాటిపుర పేరు నిజాం ఇలాకా నుంచి ఇళ్ళు కట్టే పనికి పోయిన కామాటీల వల్లే వచ్చింది. వీళ్ళు వెంట తీసుకుపోయిన మాటలు తెలంగాణవి: దర్వాజ, కడప, బేడం, తాళంకప్ప. బేడం అంటే గడియ. మరాఠీ బజారులో వీటికి ఎదురైనవి దార్, ఉంబరఠా, కడీ, కులూప్. దర్వాజ మరాఠీలోనూ ఉంది కాబట్టి అది ఎటునుంచి వచ్చిందని విడదీయడం కుదరదు. కానీ కడపకీ ఉంబరఠాకీ పోలికే లేదు. కొత్తకోడలు బియ్యం చెంబుని కాలితో దొర్లించి లోపలికొచ్చే ఆచారం మరాఠీ వాళ్ళకీ మనకీ ఇద్దరికీ ఉంది. పని ఒకటే, పేరు ఎవరిది వాళ్ళకి నిలిచింది.

చివరగా యానాం. నా వాదానికి ఇదే గట్టి పరీక్ష. పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగం నుంచి 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ళది, కాగితాల మీద బదిలీ 1962లో పూర్తయింది. రెండు వందల ఏళ్ళ పైమాటే. ఫ్రెంచిలో జంట తలుపుకి 'పోర్త్ ఆ ద్యూ బతాఁ' అని పేరుంది, బందుకి 'పోమెల్' అని పేరుంది. పాలకుడి భాషే ఇంటి మాటల్ని మార్చేదైతే యానాంలో ఇవి పాతుకుపోవాలి. కానీ యానాం జనం చెప్పేది గుమ్మం, తలుపు, గడియ, గొళ్ళెం, అచ్చం పక్కనున్న గోదావరి ఊళ్ళ మాటే. కారణం పెద్ద రహస్యం కాదు. కలప వచ్చేదీ, వడ్రంగి వచ్చేదీ, సామాను కొనేదీ ఆ తెలుగు ఊళ్ళ నుంచే. పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి బర్మాకి ఎంతమంది పోయారంటే, రంగూనులో తెలుగువాళ్ళందరికీ 'కోరంగీలు' అనే పేరు పడింది. తీరం వెంబడి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గొప్పగా చెప్పే బర్మా టేకు తలుపులు ఆ దారి సరుకే. కొయ్య బర్మాది, పాలన ఫ్రెంచిది, పేరు తెలుగుది.

కాబట్టి తలుపు మాటల్ని మార్చింది రాజు కాదు, అంగడి. కొన్న ముక్కకి అంగడి పేరు, చేయించుకున్న ముక్కకి ఇంటి పేరు.

తాళం దగ్గర తమాషా

ఈ సూత్రం తాళం దగ్గర కొంచెం తడబడుతుంది, అదీ చెప్పాలి. తాళం బజారు సరుకే అయినా దాని చుట్టూ మనవాళ్ళు సొంత ఊహలు అల్లుకున్నారు. తెలుగులో తాళానికి చెవి ఉంది. కన్నడంలో బీగానికి చెయ్యి ఉంది, 'బీగద కై' అంటారు. తెలుగులో తాళాన్నే కప్ప అని కూడా అంటాం, నోరు మూసుకు కూర్చున్న దాని వాలకం చూసి కాబోలు. తమిళంలో పాతమాట 'తిరవుకోల్', తెరిచే కోల. జనం నోట మాత్రం 'సావి' నిలిచింది, అది పోర్చుగీసు 'షావె'. హిందీ చాబీ, మరాఠీ చావీ అన్నీ ఆ గుత్తిలోవే. రెక్కలు, చెవి, కప్ప, అన్నీ ప్రాణమున్న వాటి పేర్లే. తలుపుని మన భాష కొయ్యగా చూడలేదు.

ఇప్పుడు జంట తలుపు బిగిస్తే

ఈ మధ్య కొత్త ఇళ్ళల్లో జంట తలుపులు మళ్ళీ కనపడుతున్నాయి. చేయించుకునేవాళ్ళకి పని ఎలా నడుస్తుందో నాలుగు ముక్కల్లో చెబుతాను, మాటలూ అందులోనే ఉన్నాయి.

ముందు ద్వారబంధం ఎత్తడం. మా పక్క వాకిలి నిలబెట్టడం అంటాం, తమిళంలో 'నిలై' పెట్టడం. మంచిరోజు చూసి, గడప కింద నాణేలో నవరత్నాలో వేసి, పైకమ్మికి నవధాన్యాల మూట, మామిడాకులు కట్టి నిలబెడతారు. పూజ అయ్యాక అసలు పని. గుండు వేసి పక్క కొయ్యలు నిలువుగా ఉన్నాయా, రసమట్టం పెట్టి గడప మట్టంగా ఉందా చూడాలి. జంట తలుపుకి ఇది ఒంటి తలుపుకంటే ముఖ్యం. ఒంటి తలుపు కాస్త వాలితే కింద రాసుకుంటుంది, అంతే. జంట తలుపులో ఒక పక్క కొయ్య వాలినా నడుమ సందు పైన ఇరుకు, కింద వెడల్పు అయి వీధిలోకి బాగా కనపడుతుంది.

రెక్కకి మూడేసి బందులు. బరువంతా పై బందుని బయటికి లాగుతుంది కాబట్టి దాన్ని పైఅంచుకి జానెడులోపే వెయ్యాలి, మర మేకులు పొడుగువి కావాలి. బందు రేకు మందమంత కొయ్యని ఉలితో తీసి అందులో కూర్చోబెట్టాలి, పైన అతికించినట్టు పెడితే సందు పెరుగుతుంది. రెక్కకీ కొయ్యకీ మధ్య, రెక్కకీ రెక్కకీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు వదలాలి. వానాకాలం కొయ్య ఉబ్బితే ఆ సందే కాపాడుతుంది. ఈ కొలతని తమిళ ఆచారి 'నూల్' అంటాడు, హిందీ మేస్త్రీ 'సూత్' అంటాడు. రెండింటికీ అర్థం దారమే. కొలతదారంతో పని మొదలైన రోజుల గుర్తు అది. ఎప్పుడూ మూసి ఉండే రెక్కకి పైనా కిందా గడియలు వేసి ముందు దాన్ని కట్టెయ్యాలి, పట్టీ ఉన్న రెక్క దాని మీదకి వచ్చి కూర్చుంటుంది.

మాటలకొస్తే, ఇప్పుడు సామానంతా ఒకే డబ్బాలో వస్తోంది. హింజెస్, టవర్‌బోల్ట్, డోర్ ఫ్రేమ్, లాక్ సెట్. హోసూరులో అవే, సోలాపూరులో అవే, యానాంలోనూ అవే. పాత సూత్రమే మళ్ళీ పనిచేస్తోంది. అంగడి అందరికీ ఒకటైపోయింది, పేర్లూ ఒకటైపోతున్నాయి. తేడా ఏంటంటే, ఇదివరకు బజారు పేరు బందు దగ్గర ఆగేది. ఇప్పుడు తలుపంతా బజారులో తయారై వస్తోంది, ఆచారి చేసే ముక్కే మిగల్లేదు. ఒంటి తలుపు వచ్చిన ఇంట్లో రెక్క అనే మాటకి పనిలేదు. అడ్డగడియ లేదు. 'ఒక రెక్క చేరవేసి రా' అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. కొంచెం తీసి ఉంచిన తలుపుకి ఓరవాకిలి అనే చక్కని మాట ఉండేది, దాన్ని పుస్తకాల్లో వెతుక్కోవాలి.

మార్పుని తిట్టడానికి కాదు ఇది. చక్రాల కుర్చీలో తిరిగే పెద్దాయన ఉన్న ఇంట్లో గడప లేకపోవడమే మేలు. వానకి ఉబ్బని తలుపు కావాలనుకోవడం తప్పుకాదు. కానీ పాత తలుపు విప్పే రోజున దాంతోపాటు పది పన్నెండు మాటలు ఇల్లు వదులుతాయని తెలిసి ఉండాలి. కారైక్కుడిలో పాత ఇళ్ళ తలుపులూ స్తంభాలూ అమ్మే కొట్ల వీధే ఉంది. అక్కడ కొయ్యకి ఖరీదు కడతారు, పేర్లకి కట్టరు.

అందుకని ఒక చిన్న పని. మీ ఇంట్లోనో, మీ తాతగారి ఊళ్ళోనో జంట తలుపు ఇంకా నిలిచి ఉంటే, ఇంట్లో పెద్దామెని దాని దగ్గర కూర్చోబెట్టి ఒక్కో ముక్కనీ చేత్తో చూపించి పేరు అడగండి. పైకమ్మి, పక్క కొయ్యలు, గడప, రెక్క, నడుమ పట్టీ, కుసి గానీ బందు గానీ, గడియ, గొళ్ళెం, తాళం, చెవి. తలుపు వెయ్యడానికి ఏ మాట, బిగించడానికి ఏ మాట, ఊరికే దగ్గరికి నెట్టడానికి ఏ మాట, ఇవీ అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టే, పుస్తకం తెలుగులోకి దిద్దకుండా రాసుకోండి. వీలైతే ఫోనులో గొంతు కూడా పట్టండి, గడపకీ కడపకీ తేడా గొంతులోనే తెలుస్తుంది. పక్కన ఊరి పేరు, తాతముత్తాతలు ఎటునుంచి వచ్చారని ఇంట్లో చెప్పుకునే మాట, తలుపు చేసిన ఆచారిది ఏ ఊరు, ఈ మూడూ రాసి పెట్టండి. ఒక్కో ఊరి నుంచి ఇట్లాంటి కాగితం ఒకటొచ్చినా, మనవాళ్ళు ఏ దారిన నడిచి ఎక్కడెక్కడ దిగారో చెప్పే సాక్ష్యం మన చేతిలో ఉంటుంది. పాత తలుపు అమ్మే ముందురోజైనా సరే, ఆలస్యం కాలేదు.